సున్నా మార్కుల కోడలు

"మళ్ళీ మొదటినుంచి," అన్నారు మాస్టారు.

చిన్నకోడలు మంచం అంచున కూర్చుని గచ్చుకేసి చూస్తోంది. ఆమె వెనక గోడవారగా పసిపిల్ల కాళ్ళు ఆడిస్తూ పడుకుని ఉంది. దాని వంక ఎవరూ చూడటం లేదు.

"మొదటి ప్రశ్నకి?"

"అవును, చాలాసార్లు."

"ఏమిటి చాలాసార్లు?"

"నవ్వుకోగలిగాను."

"రెండోదానికి?"

"అవును, చాలాసార్లు. రేపటికోసం ఎదురుచూశాను."

"మూడు నుంచి?"

"ఎప్పుడూ లేదు."

"ఎక్కడిదాకా?"

"పదిదాకా."

మాస్టారు చేతిలోని స్కేలుతో మంచం కోడు మీద కొట్టారు. "అదే చెప్పి పోయినసారి కొంప ముంచావు. ఏడుకీ తొమ్మిదికీ ఏం చెప్పమన్నాను?"

"అప్పుడప్పుడు."

"ఆఁ. ఏడు నిద్ర, తొమ్మిది ఏడుపు. నిద్ర అప్పుడప్పుడు పట్టడం లేదు. ఏడుపు అప్పుడప్పుడు వస్తోంది. ఆ రెండు మార్కులు చాలు. మూడోది పడనివ్వకు. ఇంకోటి, బట్టీ పట్టినట్టు గడగడా అప్పజెప్పకు. మధ్యలో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టు."

చిన్నకోడలు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టింది. ఉన్న మొహానికీ పెట్టిన మొహానికీ తేడా కనబడలేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న పెద్దకోడలికి నవ్వొచ్చింది. మింగేసింది. ఈ ఇంట్లో నవ్వుకి కూడా ఒక పీరియడ్ ఉంటుంది.

కింద ట్యుటోరియల్, పైన కాపురం. కింద ఏ గాలి వీస్తే పైనా అదే. మాస్టారి లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు: పాసైనవాళ్ళు, పోయినవాళ్ళు. కట్టుకున్న భార్యనీ, కన్న కొడుకులనీ ఆయన ఆ రెండింట్లో ఏదో ఒక దాంట్లో వేసేశారు. మనవరాలిని ఇంకా తేల్చలేదు, అంతే.

అలాంటి మనిషి ఇంటికి ఆరోగ్య కేంద్రం నుంచి పరీక్ష వచ్చింది. బాలింతలకి దిగులు జబ్బు ఉందేమో తెలుసుకోవడానికి అడిగే పది ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు, వాటికి మార్కులు. ఎక్కువ మార్కులు వస్తే డాక్టరు పిలిచి మాట్లాడతాడు. ఆ ప్రశ్నలు ఆ కేంద్రం గోడమీదే పెద్ద అక్షరాలతో అంటించి ఉన్నాయి. దారినపోయేవాడు కూడా చదువుకోవచ్చు. అయినా మాస్టారు చుట్టూ చూసి, దొంగచాటుగా ఫోన్‌లో ఫోటో తీసి, లీకైన పేపరులా ఇంటికి తెచ్చారు. రెండు రోజులు కోడల్ని కూర్చోబెట్టి కోచింగు ఇచ్చారు.

కోడలు సున్నా తెచ్చుకుంది. ఆ ట్యుటోరియల్ పుట్టినప్పటినుంచీ సున్నా తెచ్చుకుని శభాష్ అనిపించుకున్నది ఈవిడొక్కతే.

నిన్న ఫోనొచ్చింది. చంటిపిల్ల తల్లికి నిద్ర దగ్గర కూడా సున్నా ఎలా వచ్చిందని డాక్టరు అడుగుతున్నాడట. ఇంటికొచ్చి మళ్ళీ అడుగుతామన్నారు. ఇవాళే.

"ఎక్కువొస్తే పిచ్చంటారు, తక్కువొస్తే దొంగలంటారు," అంది అత్తగారు, వంటింట్లోంచి గొంతు పెంచి. "మేం కనలేదా పిల్లల్ని? మమ్మల్నెవడు అడిగాడు నవ్వొస్తోందా ఏడుపొస్తోందా అని?"

"ఎవరూ అడగలేదత్తయ్యా," అంది పెద్దకోడలు.

"మరి?"

"మరేం లేదు. అడగలేదంటున్నాను."

అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి పెద్దకోడలి మొహం చూసింది. ఆ మొహంలో ఏమీ దొరక్క లోపలికి పోయింది.

నిజం చెప్పాలంటే పెద్దకోడలికి కూడా చిన్నకోడలి మీద జాలి ఏమీ లేదు. తను ఇద్దర్ని కంది. పచ్చి ఒంటితో కిందికి దిగి ఆఫీసు గదిలో కూర్చుని హాజరు పిలిచింది, ఫోన్లు ఎత్తింది. లెక్కలు చెప్పే ఈవిడ మాత్రం పురుడు పోసుకున్న నాటినుంచి నల్లబోర్డు మొహం చూడలేదు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే పక్కనే కూర్చుని, ఆ ఏడుపు పక్కింట్లోంచి వస్తున్నట్టు వింటుంది. నాటకం అనుకుంది పెద్దకోడలు. మంచి జీతగాడు సెలవు పెట్టడానికి వేసే నాటకం.

కానీ ఎంత నాటకమాడే మనిషైనా తనకి తెలిసిన లెక్క రాదని చెప్పదు. మొన్న ఒక పిల్లాడు మెట్లమీద ఆపి సందేహం అడిగితే, చిన్నకోడలు ఆ పుస్తకం వంక చూసి, "నాకు రాదు నాన్నా," అంది. ఆ లెక్క రాసిన పుస్తకం మీద ఉన్నది ఆవిడ పేరే. అప్పుడు మాత్రం పెద్దకోడలికి అనుమానం వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే వినేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారు గనక.

కింద వీధి గోడమీద ఇల్లంత ఫ్లెక్సీ. దానిమీద చిన్నకోడలి ఫోటో, నవ్వుతూ. 'లెక్కలంటే భయమా? మేడమ్ ఉన్నారు.' చేరికల కాలం. పొద్దున్నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటేసుకుని వస్తున్నారు. ఈ సమయంలో మేడమ్ పిచ్చి డాక్టరు దగ్గరకెళ్ళిందని తెలిస్తే? మాస్టారి భయమల్లా అదొక్కటే. కోడలికి ఏమైందో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. సిలబస్‌లో లేదు.

చిన్నకొడుకు పైకొచ్చాడు. చేతులకి సుద్దపొడి. ప్రతి పాఠం దగ్గరా 'ఇది ఇంపార్టెంట్' అంటాడని పిల్లలు అతనికి ఇంపార్టెంట్ అని పేరు పెట్టారు. ఇంట్లో మాత్రం అతనంత అక్కర్లేని మనిషి ఇంకోడు లేడు.

"నాన్నా, కింద నర్సు వచ్చింది. ఆఫీసులో కూర్చోబెట్టాను."

"ఆఫీసులోనా? అందరిముందూ?" మాస్టారు లేచారు. "నీకు బుర్రుందా? పైకి పంపు. వెనక మెట్లమీదనుంచి."

ఇంపార్టెంట్ పెళ్ళాం వంక చూశాడు. ఏదో అనబోయాడు. "బాగా చెయ్," అన్నాడు చివరికి. హాలు టికెట్టు ఇచ్చి పంపేవాడిలా.

"మరిదిగారూ," అంది పెద్దకోడలు, "ఆల్ ది బెస్ట్ కూడా చెప్పండి. పెన్ను రెండోది ఉందో లేదో చూడండి."

"ఎందుకొదినా వెటకారం," అన్నాడతను. అని మెట్లు దిగిపోయాడు.

మాస్టారు పెద్దకోడలి వైపు తిరిగారు. "నువ్వు గదిలోనే కూర్చో. తప్పు చెబితే దగ్గు."

"దగ్గు రాకపోతే?"

"తెప్పించుకో."

నర్సు వచ్చింది. ఎండలో తిరిగి మొహం కమిలిపోయింది. ఒక చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంది. చేతిలో ఆఫీసువాళ్ళిచ్చిన ఫోను.

"నువ్వు మా దగ్గర చదివినట్టున్నావే," అన్నారు మాస్టారు.

"చదివాను మాస్టారూ. మధ్యలో తీసేశారు."

"ఎందుకని?"

"రిజల్టు పాడవుతుందని."

మాస్టారు ఏమాత్రం తొణకలేదు. "ఉద్యోగం వచ్చిందిగా. సంతోషం. కూర్చో. కాస్త త్వరగా కానివ్వు, అమ్మాయికి విశ్రాంతి కావాలి."

"ఒంటరిగా అడగాలండీ. ఇంట్లోవాళ్ళు ఉండకూడదు."

"మా పెద్దకోడలు ఉంటుంది. ఆడమనిషేగా."

ఉండకూడదని నర్సుకి తెలుసు. ఇంకా తిరగాల్సిన ఇళ్ళున్నాయనీ తెలుసు. రెండో తెలివే గెలిచింది. సరేనంది. మాస్టారు బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. ఆయన చెప్పుల చప్పుడు తలుపవతలే ఆగిపోయింది.

నర్సు ఫోను తడిమి విసుక్కుంది. "కొత్తది ఇచ్చారండీ దీన్ని. ప్రశ్నలు వరసగా రావు, దానిష్టం వచ్చినట్టు వస్తాయి. ఏది ముందొస్తే అది అడగాలి. గడిచిన వారం రోజుల సంగతి చెప్పండి. సరేనా అమ్మా?"

చిన్నకోడలు తలూపింది.

పెద్దకోడలికి వెంటనే తట్టింది. మామగారి కోచింగంతా వరసమీదే నిలబడి ఉంది. వరస పోతే ఏముంది. పిల్లలు ఇలా బోల్తాపడటం ఆవిడ ఎన్నోసార్లు చూసింది. ప్రశ్న మారినా జవాబు మార్చరు. చదివింది చదివినట్టు రాసి, బయటికొచ్చి నవ్వుతారు.

నర్సు తెర మీద చూసి చదివింది. చదువుతుంటేనే ఆవిడ గొంతు తగ్గింది. "ఇది అసలు ఆఖర్న రావాలి. సరే. మీకు మీరే ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అమ్మా?"

"అవును," అంది చిన్నకోడలు. "చాలాసార్లు."

దగ్గాలి. పెద్దకోడలు నోరు తెరిచింది. దగ్గు రాలేదు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. మాస్టారు లోపలికొచ్చారు. వెనకే అత్తగారు, చేతిలో గరిటెతో.

"అది కాదు, అది కాదు," అన్నారు మాస్టారు. "అది ఒకటో ప్రశ్న జవాబు. నువ్వు పదోది ముందడిగితే ఎలా? వరస తప్పించి అడిగితే ఎవరైనా తప్పే చెబుతారు. కొట్టెయ్. మళ్ళీ అడుగు."

నర్సు ఆయన వంక చూసింది. "ఒకటో ప్రశ్న జవాబు మీకెలా తెలుసు మాస్టారూ?"

ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత జవాబులు కక్కించిన మనిషికి ఒక్క జవాబు దొరకలేదు. పెద్దకోడలు అది కళ్ళారా చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఎదురుచూసిన దృశ్యం అది. తీరా చూస్తే రుచేమీ లేదు.

"ఏదో, భయపడకుండా ఉంటుందని కాస్త చెప్పి ఉంచాం," అంది అత్తగారు. "తప్పా? పరీక్షంటే ఎవరికైనా కంగారే కదమ్మా. అది కంగారులో అలా అంది. ఏమే, కంగారే కదా?"

"కంగారు కాదత్తయ్యా," అంది చిన్నకోడలు.

"మరి?"

"ప్రశ్న విన్నాను. విన్నదానికే చెప్పాను."

ఎప్పటినుంచో ఈ ఇంట్లో వినబడని గొంతు అది. మెల్లగా, స్పష్టంగా. బోర్డు ముందు నిలబడి చివరి బల్లకి కూడా వినబడేలా చెప్పే గొంతు.

"నోర్ముయ్," అన్నారు మాస్టారు.

"మీరే చెప్పారుగా మామయ్యగారూ, నిజం చెబితే వీళ్ళొచ్చి పిల్లని తీసుకుపోతారని." చిన్నకోడలు నర్సు వైపు తిరిగింది. "తీసుకుపోతారా?"

నర్సు గబగబా తల అడ్డంగా ఊపింది. "అయ్యో, లేదమ్మా. ఎవరూ తీసుకుపోరు. అలా ఎవరు చెప్పారో గానీ అబద్ధం. మీ పిల్ల మీ దగ్గరే ఉంటుంది. దానికేం భయం లేదు."

ధైర్యం చెప్పాననుకుంది నర్సు. చిన్నకోడలి మొహం చూస్తుండగానే మాడిపోయింది.

"తీసుకుపోరా?"

"పోరమ్మా."

"మరెందుకడిగారు ఇవన్నీ?"

పెద్దకోడలు గోడకి చేరగిలబడింది. నాటకం, నాటకం అని ఇన్నాళ్ళూ తను తిప్పుకున్న మాట ఇక్కడ అతకలేదు.

"దాన్ని ఎత్తుకోవాలంటే భయమేస్తోంది," అంది చిన్నకోడలు. "ఏడుస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంటున్నాను. నా చేతుల్లో ఉండటం కంటే ఏడవడమే నయం దానికి. ఎవరైనా తీసుకుపోతే, తర్వాత నా సంగతి నేను చూసుకుందామనుకున్నాను. ఇంతకంటే అడక్కండి."

నర్సు మిగతా ప్రశ్నలు అడగలేదు. ఫోను పక్కన పెట్టి చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. "ఇది జబ్బమ్మా. మందులున్నాయి, తగ్గుతుంది. మీలాంటివాళ్ళని తగ్గాక చూశాను నేను. ఇవాళే వెళ్దాం ఆస్పత్రికి. పిల్ల కూడా మనతోనే." లేచి నిలబడింది. "డాక్టరుగారికి చెప్పి బండి పంపమంటాను. ఇక్కడ సిగ్నల్ రావడం లేదు, మెట్ల దగ్గరకెళ్ళి మాట్లాడి వస్తాను. ఈలోగా ఈవిణ్ణి ఒక్కక్షణం కూడా ఒంటరిగా ఉంచకండి. పిల్లని ఎవరైనా ఎత్తుకోండి."

"ఇవాళా?" అన్నారు మాస్టారు. "సాయంత్రం తల్లిదండ్రుల మీటింగు ఉంది. ఈవిడ కనబడాలి. రేపు చూద్దాం."

"రేపు కుదరదు మాస్టారూ."

"నువ్వెవరమ్మా నాకు కుదరదని చెప్పడానికి? లెక్కల్లో తప్పినదానివి."

"తప్పినదాన్నే," అంది నర్సు. పిన్నీసు చెప్పు ఈడ్చుకుంటూ వెనక మెట్లవైపు వెళ్ళింది.

కింద గంట కొట్టారు. ముందు మెట్లమీద సగం దాకా వచ్చిన ఇంపార్టెంట్ అక్కడే ఆగి, పైకి తలెత్తి అడిగాడు. "ఎన్నొచ్చాయి?"

"నీ పెళ్ళాం చచ్చిపోదామనుకుంటోంది," అంది పెద్దకోడలు. "అదీ రిజల్టు. వస్తావా ఆస్పత్రికి?"

అతని మొహం తెల్లబోయింది. ఒక మెట్టు ఎక్కాడు. "అబ్బాయ్," అన్నారు మాస్టారు గదిలోంచి, "బ్యాచి ఎదురుచూస్తోంది." ఎక్కిన మెట్టు అతను దిగాడు. పెద్దకోడలి వంక చూడలేక, చేతులకున్న సుద్దపొడి దులుపుకున్నాడు. "వదినా, నువ్వు కాస్త... ఈ ఒక్క క్లాసూ చెప్పేసి వస్తాను. ఇంపార్టెంట్ క్లాసు."

ఆ మొహం మీద ఉమ్మెయ్యడం కూడా దండగ అనిపించింది పెద్దకోడలికి.

"నేను వెళ్తాను," అంది గదిలోకి వచ్చి.

"నువ్వెళితే ఆఫీసు ఎవరు చూస్తారు?" అన్నారు మాస్టారు.

"మీరు చూడండి. వచ్చినవాళ్ళకి చెప్పండి, మా ఇంట్లో కోడళ్ళకి జబ్బులు రావు, మార్కులే వస్తాయని." ఆవిడ చిన్నకోడలి భుజం మీద చెయ్యి వేసింది. పెళ్ళయి వచ్చాక మొదటిసారి. "లే అమ్మాయ్. పిల్ల బట్టలూ పాల సీసా సంచిలో పెట్టుకొస్తాను. అత్తయ్యా, పిల్లని ఎత్తుకోండి. దీని పక్కనే ఉండండి. కదలకండి."

అత్తగారు తలూపింది. అంత తేలిగ్గా ఆవిడ ఎప్పుడూ తలూపలేదు. అది పట్టించుకునే తీరిక పెద్దకోడలికి లేకపోయింది.

వంటింట్లో పాలు వెచ్చబెట్టి, సీసా కడిగి, వెనక వరండాలో తీగమీద ఆరిన గుడ్డలు లాగి సంచిలో కుక్కింది. చిన్నకోడలికి తన చీర ఒకటి తీసింది. తిరిగొచ్చేసరికి హాల్లో మాస్టారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆయన పక్కన నేలమీద అత్తగారు కూరగాయలు ముందేసుకుని కూర్చుంది. చిన్నకోడలి గది తలుపు వేసి ఉంది. గడియకి తాళం.

సంచి చేతిలో పట్టుకుని పెద్దకోడలు తాళం వంక చూసింది.

"పిల్లేది?"

"లోపలే," అంది అత్తగారు.

"ఆవిడ?"

"ఆవిడా లోపలే. తల్లీ పిల్లా పడుకున్నారు." అత్తగారు కత్తిపీట మీంచి తలెత్తలేదు. "ఆ నర్సు వస్తే అదే చెబుదాం. నిద్రపోయారు, లేపలేమని. ఎంతసేపు నిలబడుతుంది? కాసేపు చూసి పోతుంది. రేపు మామగారు నింపాదిగా డాక్టరుతో మాట్లాడతారు."

"ఇద్దర్నీ కలిపి తాళమేశారా?"

"అరవకు. కింద పిల్లలున్నారు," అన్నారు మాస్టారు పేపరు తిప్పుతూ.

"ఆవిడ ఏం చెప్పిందో మీరు వినలేదా?"

"విన్నాం," అన్నారు మాస్టారు. "అందుకే తాళం."

కింద ఇంపార్టెంట్ గొంతు మొదలైంది. పిల్లలు ఏదో సూత్రం ఏకకంఠంతో అప్పజెబుతున్నారు. ఆ గోల మధ్యనుంచి, మూసిన తలుపు వెనక పసిపిల్ల ఏడుపు అందుకుంది. ఎత్తుకున్న అలికిడి లేదు, ఊరుకోబెట్టే మాట లేదు.

పెద్దకోడలు సంచి కింద పడేసింది. తలుపుకి చెవి ఆనించింది.

"అమ్మాయ్. నేను. వింటున్నావా?"

తలుపుకి అటువైపునుంచే, దగ్గరగా, నేలమీద కూర్చున్న ఎత్తునుంచి గొంతు వచ్చింది.

"అక్కా, పిల్లని మంచం మీదే వదిలేసి దూరంగా వచ్చి కూర్చున్నాను. ఎంతసేపు కూర్చోగలనో తెలీదు. తలుపు తీయించు."

పెద్దకోడలు వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. "తాళంచెవి ఇవ్వండి అత్తయ్యా."

అత్తగారు మొగుడి వంక చూసింది. ఆయన పేపరు దించలేదు. మెట్లమీద పిన్నీసు చెప్పు ఈడుస్తున్న చప్పుడు పైకి వస్తోంది. అత్తగారి చెయ్యి మొలలో దోపుకున్న తాళంచెవి దాకా వెళ్ళి, దాన్ని గట్టిగా పట్టుకుని, అక్కడే ఉండిపోయింది.